తిప్పమ్మ అనని మాట

కుందుర్పి మీరావలి నడిపే మోపెడ్‌ను నీళ్ల ట్యాంకు కట్టిన కాంట్రాక్టరు కొనిచ్చాడని సుద్దగుంటపల్లిలో ఏడేళ్లుగా చెప్పుకుంటున్నారు. కుండ మూతికి మూకుడుంటుంది గానీ ఊరి మూతికి ఉండదు. ఒకరు ఉత్త మోపెడ్ అంటారు. ఇంకొకరు దాంతోపాటు గోడ గడియారం కూడా ఇచ్చాడంటారు. పెళ్లిళ్లలో పంక్తిలో కూచుని చెప్పేవాళ్లయితే, కాంట్రాక్టరు తాళంచెవి చేతిలో పెడుతుంటే తాము పక్కనే ఉన్నామంటారు. ఉన్నవాళ్లెవరూ లేరు. ఆ మాట ఎవరి నోట పుట్టిందో, ఎలా పెరిగిందో, చివరికి ఎక్కడ తేలిందో తెలిసినవాళ్లు ఊరు మొత్తానికి ఇద్దరు ముగ్గురే. తెలిసినవాళ్లు నోరు మూసుకుంటే తెలియనివాళ్ల మాటే నిలబడిపోతుంది. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

మీరావలి నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. చిన్నప్పుడు మీరావలి ఆ దూది విల్లును భుజాన వేసుకుని నాయన వెనకాల ఊరూరా తిరిగాడు. నాయన పని చేస్తుంటే అరుగు మీద కూచుని, పరుపులోంచి పీకిన పాత గుడ్డల మధ్య దొరికిన కాగితం ముక్కల్ని చదివేవాడు. ఇంటర్ దాకా చదివాడు. కుందుర్పి బస్టాండు పక్కన జిరాక్స్ అంగడి పెట్టాడు. ఒకసారి తమ మలుపు దగ్గర బస్సు ఆపడం లేదని పేపరుకు ఉత్తరం రాస్తే, వారం తిరక్కుండా బస్సు ఆగింది. ఎక్కినవాళ్లు కండక్టరుకు దండం పెట్టలేదు, కిటికీలోంచి మీరావలికి పెట్టారు. ఆ తర్వాత అనంతపురం నుంచి పేపరువాళ్లే కబురు పెట్టి మండలానికి విలేకరిగా ఉండమన్నారు. భుజాన సంచీ, జేబులో రెండు పెన్నులు. భార్య నాజ్‌నీన్ అతను రాసిన ప్రతి ముక్కనూ కత్తిరించి, పిల్లల పాత నోటుబుక్కులో అన్నం మెతుకులతో అంటించి పెట్టేది.

సుద్దగుంటపల్లిలో తిప్పమ్మ అతన్ని మొదట చూసింది ఎనిమిదేళ్ల కిందటి ఎండాకాలంలో. ట్యాంకరు ఆగేచోట బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. బిందె లేనివాళ్లు తమ వంతుకు గుర్తుగా రాయి పెట్టారు. భద్రమ్మ పాత చెప్పు పెట్టింది. ఎవరైనా వంతు తప్పిస్తే కొట్టడానికీ ఆ చెప్పే పనికొస్తుందని ఆమె లెక్క. బస్సు దిగి మూడు మైళ్లు నడిచి వచ్చిన మీరావలి ఆ రాళ్లను, చెప్పును కూడా వదలకుండా చూసి రాసుకున్నాడు. తిప్పమ్మను పేరు అడిగాడు, వయసు అడిగాడు, ఎంత దూరం పోతావని అడిగాడు. అడిగినదాన్ని మళ్లీ చదివి వినిపించి, "ఇట్లే అన్నావు కదా అక్కా?" అన్నాడు. అతని పెదాలు ఎండిపోయి ఉండటం చూసి తిప్పమ్మ ఇంట్లోకి పోయి, సగం ఉన్న బిందెలోంచి చెంబెడు నీళ్లు ముంచి తెచ్చింది. వద్దన్నాడు. తాగితే గానీ కదలనివ్వనంది. తాగాడు.

మర్నాడు పేపర్లో ఆమె అన్నది అన్నట్టే వచ్చింది. రెండు పూటలా ట్యాంకరు పెట్టారు. తిప్పమ్మకు చదువు రాదు. భర్త రంగన్న చదివించుకుని వచ్చి, ఆ ముక్కను పెట్టెలో పట్టుచీర మడతలో పెట్టాడు. "నేనన్నట్టే రాసినాడప్పా, ఒక్క మాట తప్పలే," అని ఆమె ఏడాదిపాటు కనిపించినవాళ్లకల్లా చెప్పింది. అందుకే ఆ తర్వాత జరిగింది అంత లోతుగా దిగింది.

మరుసటేడు ఊరికి ట్యాంకు కట్టారు. దూరాన వేసిన బోరు నుంచి పైపు, వీధికొక కొళాయి. ప్రారంభానికి నాయకుడు వస్తాడని కార్డులు పంచారు. సాయంత్రం ఐదు గంటలకు షామియానా, మైకు, కొళాయికి రిబ్బను. మీరావలికీ ఒక కార్డు వెళ్లింది.

ఇక్కడ పేపరు పని సంగతి ఒకటి తెలియాలి. మండలాల వార్తలు సాయంత్రం నాలుగు గంటల్లోపు అనంతపురం చేరాలి. ఆ తర్వాత పంపితే పేజీలో చోటుండదు. అందుకని సాయంత్రం జరిగే సభను విలేకరులు మధ్యాహ్నమే, కార్డు చూసి, జరిగిపోయినట్టు రాసి పంపేస్తారు. ఫలానా నాయకుడు ప్రారంభించారు, ప్రసంగించారు, గ్రామస్థులు హర్షం వ్యక్తం చేశారు. నూటికి తొంభైతొమ్మిది సార్లు రిబ్బను తెగుతుంది, హర్షమూ వ్యక్తమవుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. మీరావలి కూడా ఆ రోజు అలాగే రాసి పంపాడు.

ఆ రోజు మూడు గంటలకు మోటారు వేసి చూస్తే కాలిపోయింది. కబురందిన నాయకుడు దారిలోంచే వెనక్కి తిరిగాడు. షామియానా చుట్టేశారు. కొళాయి మీద రిబ్బను మాత్రం గాలికి కొట్టుకుంటూ ఉండిపోయింది.

తెల్లారి పేపర్లో వచ్చింది: సుద్దగుంటపల్లికి తీరిన దాహం. కింద పెద్ద ముక్క. అందులో మహిళలు కొళాయిల దగ్గర బిందెలు నింపుకుని మురిసిపోయారు. చివర్న, 'మా కష్టాలు తీరాయి, ఇక ట్యాంకరు కోసం ఎదురుచూడక్కర్లేదు' అని గ్రామానికి చెందిన తిప్పమ్మ ఆనందం వ్యక్తం చేశారు.

భద్రమ్మ కోడలు ఇంటి ముందు నిలబడి గట్టిగా చదివింది. వీధిలో ఉన్నవాళ్లంతా తిప్పమ్మ వైపు తిరిగారు.

"నేను యాడ అన్నా?" అంది తిప్పమ్మ. "ఎవురితో అన్నా? ఆయప్పను నేను చూసి ఏడాదయింది."

మొదటి రెండు రోజులూ నవ్వులాటగానే సాగింది. నీ కొళాయిలో పాలు కూడా వస్తాయా, మాకో చెంబు పొయ్యి అని ఎగతాళి చేశారు. మూడో రోజు ట్యాంకరు రాలేదు. నాలుగో రోజూ రాలేదు. మగవాళ్లు మండలాఫీసుకు పోయారు. అక్కడి సారు ఫైల్లోంచి పేపరు కత్తిరింపు తీసి చూపించాడట. ఊరికి నీళ్లు వచ్చినట్టు రాసి ఉందనీ, వద్దన్నది కూడా మీ ఊరామేననీ, ట్యాంకరును ఇంకో పల్లెకు తిప్పేశామనీ అన్నాడట. మోటారు కాలిందని చెప్తే, బాగుచేయించే పని వేరే సెక్షనుదన్నాడు. వచ్చినవాళ్లు ఆఫీసు మీద కోపమంతా తెచ్చి తిప్పమ్మ గుమ్మంలో పోశారు. రంగన్న ఒక్కడే, మా ఆడామె అననేలేదప్పా అని అందరి వెంటా తిరిగాడు. పెట్టెలోంచి పోయినేటి ముక్క తీసి చూపించాడు కూడా. అది చూపించడం వల్ల ఇంకా చెడింది. అప్పుడు అన్న మనిషి ఇప్పుడు మాత్రం అనదా అన్నారు.

పదకొండో రోజున తిప్పమ్మ గురప్ప తోటకు నీళ్లకు పోయింది. కరెంటు ఉన్నంతసేపే బోరు ఆడుతుంది, అందుకని పరుగు. తలమీదొక బిందె, చంకలో ఒక బిందె. దారిలో చేను గట్టుకు పేర్చిన రాళ్లు ఎక్కి దిగాలి. ఒక రాయి కదిలింది. బిందె కిందపడిన చప్పుడు ముందు వినిపించిందట గురప్పకు, ఆమె అరుపు తర్వాత.

అనంతపురం ఆస్పత్రిలో తుంటికి రేకు వేశారు. కాలు రెండు వేళ్లంత పొట్టిదయింది. ఆమె పడిన తర్వాత ఐదో రోజుకు ట్యాంకరు మళ్లీ వచ్చింది.

చూడటానికి వచ్చిన భద్రమ్మ అన్నీ చెప్పి, పోతూ పోతూ, మీరావలి ఇప్పుడు మోపెడ్ మీద తిరుగుతున్నాడని కూడా చెప్పింది. తిప్పమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కాలు ఎవరో లోపల్నుంచి ఇనప గరిటెతో కలుపుతున్నట్టుంది.

"ఎవురు కొనిచ్చినారో పో," అంది. "ట్యాంకు కట్టినోడే కొనిచ్చింటాడు."

అంతే. ఆ రెండు మాటలే. నెల తర్వాత ఊళ్లో దిగేసరికి ఆ మాట ఆమెకంటే ముందు వచ్చి కూచుని ఉంది. రంగు వచ్చింది, గోడ గడియారం వచ్చింది, సాక్షులు కూడా వచ్చారు. "నువ్వు మంచంలో ఉంటివి, నీకు తెలీదులే," అని ఆమెకే చెప్పారు. తిప్పమ్మ అడ్డు చెప్పలేదు. నలుగురూ అంటున్నారంటే నిజమే అయ్యుంటుందనుకుంది. నిజం కావాలని కూడా కోరుకుంది. ఊరికే ఎవరూ ఒకరి కాలు విరగ్గొట్టరు కదా. ఏదో ఒకటి పుచ్చుకుని చేశాడంటే కాలికి ఒక లెక్కయినా ఉంటుంది.

మోపెడ్ మాట అనంతపురం పేపరాఫీసుకూ చేరింది. వాళ్లు కూడా ఎవర్నీ అడగలేదు. వార్తలు పంపొద్దని ఫోను చేసి చెప్పారు. మీరావలి అవునన్లేదు, కాదన్లేదు. నోరు విప్పలేదంటే నిజమేనని ఊరు తీర్మానం చేసింది. అతను సంచీ మేకుకు తగిలించి జిరాక్స్ మిషను దగ్గర కూచున్నాడు. నాజ్‌నీన్ నోటుబుక్కులో చివరి పేజీలు ఖాళీగా మిగిలిపోయాయి.

తిప్పమ్మ మళ్లీ చేనుపనికి పోలేకపోయింది. కలుపు తీయాలంటే గొంతుక్కూచోవాలి, ఆ కాలు మడవదు. ఊళ్లో బడికి వంటమ్మ కావాలంటే కుదిరింది. ఎత్తుపీట వేసుకుని, కాలు చాచి, నూటపది మంది పిల్లలకు వండుతుంది. పిల్లలకు ఆమె తిప్పమ్మవ్వ.

ఈ ఏడాది జూలైలో ఒక బుధవారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, బడి గేటు దగ్గర మోపెడ్ ఆగిన చప్పుడు విని తిప్పమ్మ వంటగది కిటికీలోంచి చూసింది. జుట్టు నెరిసింది, కళ్లజోడు వచ్చింది గానీ మనిషి అతనే. ఆమె చేతిలో గుడ్డుపెంకుల బుట్ట ఉంది. అది అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

పెద్ద టీచరమ్మ ఎలిజబెత్ పిలిపించిందట. ఎనిమిదో తరగతి తెలుగులో వార్త రాయడం గురించి పాఠం ఉంది. పుస్తకంలోది చెప్పడం తనకు చేతనవుతుంది గానీ, ఆ పని చేసిన మనిషి చెప్తే పిల్లలకు పడుతుందని ఆమె ఆలోచన. జిరాక్స్‌కు పోయినప్పుడు అడిగితే మీరావలి ముందు తన వల్ల కాదన్నాడట. ఏ ఊరి బడి అని అడిగి, సుద్దగుంటపల్లి అనగానే కాసేపు మిషను మూత మీద చెయ్యి పెట్టి నిలబడి, వస్తానన్నాడట. టీచరమ్మ ఈ ఊరికి కొత్త. ఆమెకు పాత సంగతి తెలియదు.

అతను వంటగది గుమ్మం దాకా వచ్చి, "బాగుండావా అక్కా?" అన్నాడు. తిప్పమ్మ గిన్నె మీద మూత గట్టిగా వేసింది. అదే జవాబు. తర్వాత ప్రతి బుధవారం అతను అలాగే అడిగాడు, ఆమె అలాగే మూత వేసింది. దాహమంటే పిల్లలు పోయి కుండలోంచి తెచ్చిచ్చేవాళ్లు. ఆమె తన చేత్తో ఇవ్వలేదు.

చెవులు మాత్రం మూసుకోలేం కదా. వరండాకు, వంటగదికి మధ్య ఒకటే గోడ.

"గొర్రె తప్పిపోయిందనుకోండి," అన్నాడు మొదటి రోజు. "ఇంటికి పోయి అమ్మకు ఎట్ల చెప్తారు? పొద్దున్నే లేచినా, పళ్లు తోముకున్నా, సద్ది కట్టుకున్నా అని మొదలుపెడ్తారా?"

"అట్ల చెప్తే మాయమ్మ చీపురు తీసుకుంటాది సార్," అన్నాడు షాకీర్.

"అమ్మా, గొర్రె పోయింది అంటాము," అంది ఇఫ్రా. పంక్చర్ల అంగడి ఖలీల్ కూతురు ఆ పిల్ల.

"అదే మొదటి వాక్యం. తర్వాత ఎవరిది, ఎప్పుడు, యాడ, ఎట్ల, ఎందుకు. పెద్ద సంగతి పైన, చిన్న సంగతి కింద. పేజీలో చోటు చాలకపోతే కింద నుంచి కోస్తారు."

సాంబారులో ముక్కలన్నీ అడుక్కి పోతాయి, ఈయన వార్తలో ముక్కలు పైనే తేలాలంటాడు అనుకుని, తనకు తెలియకుండానే తిప్పమ్మ నవ్వబోయి ఆపుకుంది.

వారం వారం ఏదో ఒకటి నేర్పాడు. పైన శీర్షిక చిన్నదిగా ఉండాలన్నాడు. ఊరి పేరు, తేదీ వేయాలన్నాడు. పాపం, అయ్యో అని రాసేవాళ్లు రాయకూడదు, చదివేవాళ్లు అనుకోవాలన్నాడు. పేరు, వయసు తప్పు పోతే వార్త మొత్తం తప్పేనన్నాడు. ఒక మనిషి అన్నమాట రాస్తే ఆ మనిషికి చదివి వినిపించి రమ్మన్నాడు. ఎవరి మీదైనా మాట వస్తే, ఆ మనిషిని కూడా అడగనిదే రాయకూడదన్నాడు. పిల్లలు తరగతి గోడకు పెద్ద కాగితం అంటించి, దాని మీద ప్రతి శుక్రవారం వార్తలు రాయడం మొదలుపెట్టారు. బడిలోకి మేక వచ్చిన సంగతి, చిక్కీలో రాయి వచ్చిన సంగతి. రాయి వార్తకు ముందు ఇఫ్రా వచ్చి తిప్పమ్మను అడిగింది. బెల్లంలో వచ్చిందో ఏమో, నేను చేసేది కాదు, ప్యాకెట్లో వస్తాది అని చెప్తే, ఆ పిల్ల దాన్ని రాసుకుని మళ్లీ చదివి వినిపించింది. "ఇట్లే అన్నావు కదా అవ్వా?"

తిప్పమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆ మాట ఎనిమిదేళ్ల కిందట విన్నదే.

సెప్టెంబరులో పక్కూరి బడితో కబడ్డీ పెట్టారు. ఆట గురువారం. శుక్రవారం గోడ మీద వార్త ఉండాలి. షాకీర్ తెలివైనవాడు కదా, బుధవారమే రాసేసి తెచ్చాడు. మీరావలి ఆ కాగితం తీసుకుని పైకి చదివాడు.

"సుద్దగుంటపల్లి జట్టు ఘన విజయం. చాలా సంతోషంగా ఉందని కెప్టెన్ మారుతి అన్నాడు."

పిల్లలు గొల్లున నవ్వారు. మారుతి లేచి నిలబడ్డాడు.

"నేను యాడ అన్నా?"

"గెలిస్తే అంటావు కదప్పా," అన్నాడు షాకీర్. "ముందే రాసి పెట్టుకుంటే ఏం పోయింది?"

వంటగదిలో తిప్పమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె పీట మీంచి లేచి, గోడ పట్టుకుని కిటికీ దాకా వచ్చింది. మీరావలి ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. షాకీర్‌ను తిట్టలేదు. కాగితాన్ని నాలుగు మడతలు వేసి తన జేబులో పెట్టుకున్నాడు.

"రేపు ఆట అయిపోయినాక రాయి," అన్నాడు. "మారుతి నోరు తెరిచినాక రాయి."

మర్నాడు అతని రోజు కాదు, అయినా వచ్చాడు. రెండు గంటల ఎండలో, చుట్టూ పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని నీడకు ఒదుగుతుంటే, అతను గీత పక్కన చివరిదాకా ఒక్కడే నిలబడ్డాడు. టీచరమ్మ కుర్చీ పంపితే కూచోలేదు. మన జట్టు ఓడిపోయింది. షాకీర్ పెన్ను పట్టుకుని మారుతి దగ్గరికి పోయి ఏమంటావని అడిగాడు. మోకాలు గీసుకపోయింది, ఇంటికి పోతా అన్నాడు మారుతి. శుక్రవారం గోడ మీద ఆ మాటే ఉంది. ఊరంతా వచ్చి చదివి నవ్వుకున్నారు.

తిప్పమ్మ నవ్వలేదు. ఆ రాత్రి రంగన్నతో, ఆయప్ప అంతసేపు ఎండలో ఏమిటికి నిలబడినాడంటావు అని అడిగింది. ఏడేళ్లుగా గట్టిగా కూచున్న మాట ఒకటి లోపల కదిలింది, గట్టు మీద రాయి కదిలినట్టు.

అక్టోబరులో ఇఫ్రా కొత్త పని మీద వచ్చింది. బడిలో పనిచేసే ఒక మనిషి గురించి రాయాలట. తిప్పమ్మ బియ్యం ఏరుతూ కూచుంది. ఆ పిల్ల పక్కన బాసింపట్టు వేసుకుంది.

"నీ కాలు ఎట్ల పోయింది అవ్వా?"

పిల్లలకు ఎవరూ అంతవరకు పూర్తిగా చెప్పలేదు. తిప్పమ్మ చెప్పింది. గట్టు, రాయి, బిందె. అంతకుముందు ట్యాంకరు ఆగిపోవడం. అంతకుముందు పేపరు. తను అనని మాట. చెప్పుకుంటూ పోతే చివరికి మోపెడ్ కూడా వచ్చింది. ఇఫ్రా రాసుకుంటూ రాసుకుంటూ అక్కడికి వచ్చేసరికి పెన్ను ఎత్తింది.

"అది రాసింది మా సారా?"

"ఆయప్పే."

 తన పద్ధతి తనది కాబట్టి, ఆ పిల్ల అడిగింది.

"మోపెడ్ ఇచ్చింది నువ్వు చూసినావా అవ్వా?"

"లేదు."

"చూసినోళ్లు ఎవురు?"

"అందరూ అంటాండారు కదా."

"అందరికీ ఎవురు చెప్పినారు?"

తిప్పమ్మ చేట దించి పక్కన పెట్టింది. బియ్యంలో రాళ్లు ఏరి ఒక మూల పోగు పెట్టి ఉన్నాయి. వాటిని వేలితో అటూ ఇటూ జరిపింది. ఆస్పత్రి మంచం, గోడ వైపు తిరిగి పడుకోవడం, తన నోటి నుంచి వచ్చిన రెండు మాటలు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి.

"నువ్వు సారును అడిగినావా?" అంది ఇఫ్రా మళ్లీ. "అడక్కుండా రాస్తే సారు కొట్టేస్తాడు. సారు పేరే ఉంటే ఇంగా కొట్టేస్తాడు."

"నువ్వే అడుగు."

"నేనడిగితే బాగుండదవ్వా. రాసింది నీ పేరు మీద కదా. నువ్వే అడగల్ల."

పన్నెండేళ్ల పిల్ల అంత మాట అని నోటుబుక్కు మూసుకుని పోయింది. తిప్పమ్మ గురించి ఆ శుక్రవారం గోడ మీద ఏమీ రాలేదు. ఇంకా అడగాల్సిన మనిషి ఉన్నాడని చెప్పి ఇఫ్రా ఆ జాగా ఖాళీగా వదిలేసింది.

ఆ వారమంతా తిప్పమ్మ అదే లెక్క వేసుకుంది. మోపెడ్ మాట నిజమైతే తను పడిన కష్టానికి ఒక దొంగ దొరికినట్టే, ఇన్నాళ్లూ గిన్నెల మీద మూతలు వేసింది న్యాయమే. అబద్ధమైతే? చూడకుండా, అడక్కుండా, మంచంలో పడుకుని ఒక మనిషి పేరు మీద లేనిది పుట్టించింది తను. అతని పనిని, పేరును తీసింది తను. అతను తనకు చేసినదే తను అతనికి చేసినట్టు. ఏడేళ్లు అడగకపోవడానికి కోపమే కారణమనుకుంది. ఇప్పుడు చూసుకుంటే అందులో సగం భయం.

రంగన్న వద్దన్నాడు. అయిపోయిన దానికి ఇప్పుడేమి అన్నాడు. అయిపోలేదు అందామె.

బుధవారం పాఠం అయిపోయింది. గంట కొట్టగానే పిల్లలు పరుగెత్తారు. మీరావలి గేటు దగ్గర మోపెడ్ స్టాండు తీయబోతూ వెనక్కి చూశాడు. తిప్పమ్మ వంటగది గుమ్మంలోంచి వస్తోంది. ఒక అడుగు నిండుగా, ఒక అడుగు తక్కువగా. చేతిలో చెంబు ఉంది. తొణక్కుండా పట్టుకోవడం ఆ కాలితో కష్టం, సగం నీళ్లు చీర మీద ఒలికాయి. అతను ఎదురు రాబోతే, ఆడనే ఉండు అన్నట్టు చెయ్యి చూపించింది. నడిచి వచ్చి చెంబు అందించింది. అతను రెండు చేతులతో తీసుకున్నాడు గానీ తాగలేదు.

"ముందు నేను చెప్పేది విను," అంది. "మోపెడ్ మాట పుట్టించింది నేనే. ఆస్పత్రిలో పండుకొని అంటి. చూసి అనలే. నిన్ను అడిగీ అనలే."

"తెలుసక్కా," అన్నాడు.

ఎలా తెలుసో ఆమె అడగలేదు. తెలిసీ ఏడేళ్లు ఎందుకు ఊరుకున్నావని కూడా అడగలేదు. ముఖం పక్కకు తిప్పుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ముక్కు చీదుకుంది. మళ్లీ తిరిగి అతని కళ్లలోకి చూసింది.

"ఇప్పుడు అడుగుతాండా. నేను అనని మాట నా పేరు మీద ఏమిటికి రాసినావు? ఎవురన్నా ఏమన్నా ఇచ్చినారా? ఆ పొద్దు మా ఊరికి ఏమిటికి రాలేదు?"

మీరావలి చెంబులోకి చూస్తూ చెప్పాడు.

"ఎవురూ ఏమీ ఇయ్యలేదక్కా. ఈ బండి మా బామ్మర్దిది. ఆ వారమే గుత్తిలో పని కుదిరిందని నా దగ్గర ఇడిసిపెట్టి పోయినాడు. మీ ఊళ్లో నాకు గుర్తుండే పేరు నీదొక్కటే. ముందటేడు నీళ్లిచ్చినావు కదా, దాంతో గుర్తుండె. నీళ్లొస్తే ఈయక్క ఇట్లే అంటాదిలే అనుకొని రాసినా. ఆ పొద్దు బండి నా అంగడి ముందరే నిలబడి ఉన్నింది. పెట్రోలూ ఉన్నింది. మధ్యాన్నం వచ్చి నిన్నడిగి పోయినా నాలుగులోపల పంపొచ్చు. ఏడు కిలోమీటర్లే. ఎండ జాస్తిగా ఉండాదని రాలేదక్కా."